రన్‌వేకి తారా, సిమెంటా, బూడిదా? మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒడిశా వైపు నుంచే వచ్చాయి. జయపురం, దమన్‌జోడి, సెమిలిగుడ, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడే మనవాళ్లకి విమానాల మీద ఆసక్తి ఉందని తెలుసు గానీ, విమానం కింద ఉన్న రోడ్డు మీద ఇంత ఆసక్తి ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. రన్‌వే పనుల్లో సైట్ ఇంజనీరుగా చేసి రిటైరైన వాణ్ణి కాబట్టి సంతోషంగానే ఉంది. ఒకే ప్రశ్న ముగ్గురు నలుగురు అడిగిన చోట కలిపి రాస్తున్నాను.

ప్రశ్న: మా వీధిలో వేసిన బీటీ రోడ్డు ఒక్క వానాకాలానికే లేచిపోయిందండి. విమానం అంత బరువు ఉంటుంది కదా, రన్‌వే ఎందుకు లేచిపోదు? వాళ్లు వాడేది వేరే తారా?
– కిరాణా వ్యాపారి, పర్లాకిమిడి

రన్‌వే తారు కూడా రిఫైనరీ నుంచి వచ్చేదే. మంచి రన్‌వేల్లో కొంచెం గట్టి గ్రేడు గానీ, పాలిమర్ కలిపింది గానీ వాడతారు. కానీ మీ వీధి రోడ్డు లేచిపోవడానికి కారణం తారు కాదండి, నీళ్లు. మీ ఇంటి ముందు రోడ్డుకి పక్కన కాలువ ఉందా? ఉంటే అందులో నీళ్లు పారుతున్నాయా, లేక మీ కొట్లో ఖాళీ అయిన బిస్కట్ అట్టపెట్టెలు పారుతున్నాయా? కోప్పడకండి, మా వీధిలోనూ అదే కథ. నీళ్లు నిలబడి కిందికి దిగితే కింది మట్టి మెత్తబడుతుంది. ఆ మీద లారీ వెళ్తే పైన ఎంత మంచి తారు వేసినా పగులుతుంది.

రన్‌వేని మధ్యలో కాస్త ఎత్తుగా, రెండు పక్కలకీ వాలుగా కడతారు. వాలు నూటికి ఒకటి, ఒకటిన్నర. చూస్తే కంటికి ఆనదు గానీ వాన పడితే నీళ్లు నిలవవు, పక్క డ్రెయిన్లలోకి వెళ్లిపోతాయి. పైన కనిపించే నల్లటి పొర మందం నాలుగైదు సెంటీమీటర్లు. దాని కింద ఇంకో తారు పొర, ఆ కింద కంకర, గ్రావెల్, అన్నిటికన్నా కింద రోలరుతో పొరపొరగా తొక్కించిన మట్టి ఉంటాయి. విమానం బరువు మోసేది నిజానికి ఈ కింది సంసారమే.

బరువు సంగతి కూడా చెప్పాలి. ఎయిర్‌బస్ ఏ320 నిండుగా బయలుదేరితే దాదాపు 78 టన్నులు. అందులో నూటికి తొంభై పైచిలుకు వెనక ఉన్న నాలుగు టైర్ల మీదే పడుతుంది. కారు టైరులో గాలి 32 పీఎస్ఐ ఉంటే, దీని టైరులో 200 ఉంటుంది. అంటే తారు మీద ఒక్క చదరపు అంగుళంలో పడే ఒత్తిడి కారుకి ఆరు రెట్లు. అందుకే పై పొర విషయంలో ఎవరూ రాజీపడరు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కింద ప్రతి జవాబులోనూ ఇదే తిరిగి వస్తుంది.

ఇక పర్యావరణం పేరుతో ఎన్ని కొత్త సరుకులు వచ్చినా, ప్రతి ఏడాదీ లేచిపోయి మళ్లీ వేసే రోడ్డంత దుబారా ఇంకోటి లేదు. మీ వీధి రోడ్డుకి సాటివచ్చే కాలుష్యం చేయాలంటే రన్‌వేవాళ్లు చాలా కష్టపడాలి.

ప్రశ్న: మా జయపురంలో తొమ్మిది సీట్ల చిన్న విమానం దిగుతుంటే చూశాం. రేపు ఎప్పుడైనా రన్‌వే పెంచి పెద్ద విమానాలు తేవాలంటే తారుతో వేయాలా, సిమెంటుతో వేయాలా? పర్యావరణానికి ఏది మంచిది? మా బావగారికీ నాకూ దీనిమీద పందెం పడింది.
– బ్యాంకు ఉద్యోగి, జయపురం

పందెంలో ఇద్దరూ ఓడిపోయేలా ఉన్నారు బాబూ. ముందు అడగాల్సింది తారా సిమెంటా అని కాదు, ఏ విమానం కోసం అని.

ఆ తొమ్మిది సీట్ల సెస్నా క్యారవాన్ బరువు నాలుగు టన్నులు, అంటే సుంకి ఘాట్ ఎక్కే టిప్పరు కన్నా చాలా తక్కువ. 5,700 కిలోల లోపు విమానాలకైతే రన్‌వే బలాన్ని పెద్ద లెక్కలు కట్టి ప్రకటించాల్సిన అవసరం కూడా లేదు. విమానం బరువు ఎంత వరకు, టైరులో గాలి ఎంత వరకు అని రెండు అంకెలు చెబితే సరిపోతుంది. దాని తర్వాతి మెట్టు ఏటీఆర్-72, డెబ్బై మంది పట్టే రెక్కల ఫ్యాన్ల విమానం, 23 టన్నులు. ఆపైన ఏ320, 78 టన్నులు. ఏటీఆర్‌కి 30 మీటర్ల వెడల్పు చాలు, ఏ320కి 45 మీటర్లు కావాలి.

ఇప్పుడు ఒక కిలోమీటరు పొడవుకి కాగితం మీద లెక్క వేద్దాం. ఏటీఆర్ కోసం సిమెంటు రన్‌వే 25 సెంటీమీటర్ల మందం అనుకుంటే 7,500 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఘనపు మీటరుకి 380 కిలోల చొప్పున 2,850 టన్నుల సిమెంటు. అదే ఏ320 కోసం 45 మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల మందం అంటే 18,000 ఘనపు మీటర్లు, 6,840 టన్నుల సిమెంటు. రెండింతల కన్నా ఎక్కువ. మట్టిని బట్టి మందాలు మారతాయి గానీ తేడా మాత్రం ఇలాగే ఉంటుంది. సున్నపురాయిని కాల్చి సిమెంటు గడ్డ (క్లింకర్) టన్ను తీస్తే టన్నుకి కొంచెం తక్కువగా కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. ఎప్పుడో రాబోయే పెద్ద విమానం కోసం ఇప్పుడే మందంగా పోసేస్తే ఆ కాలుష్యం ఈరోజే అయిపోతుంది, విమానం మాత్రం రాకపోవచ్చు. స్థలం ఉంచుకోండి, డ్రెయిన్లు ముందుచూపుతో వేయండి, పొరలు తర్వాత పెంచుకోవచ్చు. తారులో ఉన్న సుఖం ఇదే, పాతదాని మీద కొత్త పొర వేసి బలం పెంచవచ్చు.

అయితే తారే వేసేయమంటారా అంటే, చాలా వరకు అవును. పొడవాటి రన్‌వే మధ్య భాగానికి తారు బాగుంటుంది. అక్కడ విమానం వేగంగా పోతుంది, ఒకచోట నిలబడదు. మరమ్మతు కూడా సులువు. రాత్రి విమానాలు లేని నాలుగైదు గంటల్లో కొంత గీకేసి, కొత్తది వేసి, చల్లారాక తెల్లవారేసరికి విమానాలకి ఇచ్చేయవచ్చు. సిమెంటైతే పోసి వారాల తరబడి ఆగాలి. కానీ విమానాలు నిలబడే ఏప్రన్ దగ్గర, బయలుదేరే ముందు ఆగే చివర్ల దగ్గర సిమెంటే మేలు. నిలబడ్డ బరువుకి ఎండలో తారు నొక్కుకుపోతుంది, ఒలికిన విమాన ఇంధనం తారుని కరిగిస్తుంది. మీ బావగారు సిమెంటు అన్నారనుకుంటే ఏప్రన్ వరకూ ఆయన గెలిచారు.

తారులో ఇంకో మంచి దారి ఉంది, వార్మ్ మిక్స్. మామూలుగా హాట్ మిక్స్ ప్లాంటులో రాయినీ తారునీ 150–165 డిగ్రీలకి వేడి చేస్తారు. మైనం లాంటి మందులు గానీ, నీటి నురగ గానీ కలిపితే 20 నుంచి 40 డిగ్రీల తక్కువ వేడిలోనే తారు రాయికి పట్టుకుంటుంది. టన్ను మిక్స్‌కి ప్లాంటులో ఆరేడు లీటర్ల ఆయిల్ కాలుతుంది. కిలోమీటరు పొడవు, 30 మీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల తారు అంటే 7,200 టన్నుల మిక్స్. అందులో ఐదో వంతు ఆయిల్ మిగిలినా దాదాపు 9,000 లీటర్లు. ఇంకో లాభం మన కొరాపుట్ కొండల్లోనే బాగా తెలుస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి కొరికేస్తుంటుంది, ప్లాంటు నుంచి టిప్పరు వచ్చేసరికి మామూలు మిక్స్ గట్టిపడి రోలరు కింద అణగదు. వార్మ్ మిక్స్ అయితే ఇంకాస్త సేపు మెత్తగా ఉంటుంది. తారు పరిచే యంత్రం (పేవరు) పక్కన నిలబడే కూలీల మీద పొగ కూడా తగ్గుతుంది. ముప్పై ఏళ్లు ఆ పొగ పీల్చినవాడిగా, నాకు అన్నిటికన్నా ఇదే పెద్ద లాభం.

ప్రశ్న: మా స్కూలు పిల్లలు పాల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు పోగుచేస్తున్నారు. ప్లాస్టిక్‌తో రోడ్లు వేస్తారని పాఠంలో ఉంది. రన్‌వేకి కూడా వాడొచ్చు కదా అని ఒక పాప అడిగింది. ఏం చెప్పాలి?
– ఉపాధ్యాయిని, రాయగడ

ఆ పాపకి ముందు శభాష్ చెప్పండమ్మా. మదురైలో త్యాగరాజర్ కాలేజీ ప్రొఫెసర్ ఆర్. వాసుదేవన్ గారు కనిపెట్టిన పద్ధతి అది, 2018లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ప్లాస్టిక్‌ని సన్నగా తరిగి, వేడి రాళ్ల మీద చల్లితే అది కరిగి రాయికి పలచటి చొక్కాలా అంటుకుంటుంది. ఆ మీద తారు పోస్తారు. తారు బరువులో ఆరు నుంచి ఎనిమిది శాతం వరకు ప్లాస్టిక్ పడుతుంది. రాయిలోకి నీళ్లు దూరవు కాబట్టి ఊరి రోడ్లకి బాగా పనిచేసింది.

రన్‌వే పై పొరకి మాత్రం వద్దని నా అభిప్రాయం. పోగుచేసిన ప్లాస్టిక్ ఏ రోజుకి ఆ రోజు వేరేగా ఉంటుంది. ఒక బస్తాలో పాల ప్యాకెట్లు, ఇంకో బస్తాలో లోపల వెండి పూత ఉన్న కవర్లు. రోడ్డు మీద ఒక చోట రాయి ఊడితే మోటారు సైకిలు తప్పుకుని వెళ్తుంది. రన్‌వే మీద ఊడిన రాయిని జెట్ ఇంజన్ లోపలికి పీల్చుకుంటుంది. 2000 జూలై 25న పారిస్‌లో కాంకార్డ్ విమానం కూలింది, అంతకు ముందు బయలుదేరిన వేరే విమానం నుంచి ఊడి రన్‌వే మీద పడి ఉన్న ఒక లోహపు బద్దె దాని టైరుని చీల్చింది. విమానంలోని 109 మంది, కింద నలుగురు చనిపోయారు. అందుకే ఆ పై నాలుగు సెంటీమీటర్లలో, రోజుకో రకంగా మారే సరుకు ఏదీ పెట్టకూడదు.

కానీ ఎయిర్‌పోర్టు అంటే రన్‌వే ఒక్కటే కాదు కదా. ప్రహరీ వెంట జీపు తిరిగే రోడ్డు, టెర్మినల్‌కి వచ్చే రోడ్డు, కార్లు పెట్టే స్థలం ఉంటాయి. అన్నీ కలిపితే చాలా పొడవు. పిల్లల ప్లాస్టిక్ అక్కడికి పంపండి. చిప్స్ కవర్లని మాత్రం వేరు చేయమనండి.

ప్రశ్న: ఇక్కడ అల్యూమినా ఫ్యాక్టరీల ఎర్ర బురద కొండల్లా పడి ఉంది, పవర్ ప్లాంటు బూడిద ఉంది, తెరువలి వైపు ఫెర్రోక్రోమ్ స్లాగ్ (లోహం కరిగించాక మిగిలే చిట్టెం) ఉంది, వైజాగ్ స్టీల్ ప్లాంటు స్లాగ్ ఉంది. ఇవన్నీ ఉండగా కొండలు తవ్వి కంకర తీయడం ఎందుకు? వీటితోనే రన్‌వే కట్టలేమా?
– ఫ్యాక్టరీ కార్మికుడు, దమన్‌జోడి (ఇలాంటివే మరో మూడు)

మంచి ప్రశ్న, అన్నా. నాలుగింటినీ ఒకే గాటన కట్టకూడదు, ఒక్కోదానికి ఒక్కో స్వభావం.

బూడిదతో మొదలుపెడతాను. ఇది నాకు నచ్చిన సరుకు. మెత్తటి ఫ్లై యాష్‌ని సిమెంటులో కలిపితే అది కూడా సున్నంతో కలిసి గట్టిపడుతుంది. మనం కొట్లో కొనే పీపీసీ సిమెంటులో 35 శాతం వరకు బూడిద కలపడానికి మన ఐఎస్ ప్రమాణాలే అనుమతిస్తాయి. పై ఏటీఆర్ లెక్కలోని 2,850 టన్నుల్లో నాలుగో వంతు బూడిద పెడితే 700 టన్నుల పైన సిమెంటు మిగులుతుంది, దాదాపు 600 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. కాంక్రీటు వేడెక్కడం తగ్గి పగుళ్లు కూడా తగ్గుతాయి. ఒక్కటే ఇబ్బంది, మొదటి వారాల్లో బలం నెమ్మదిగా వస్తుంది. తొందరపెట్టే అధికారి, ఓపిక లేని కాంట్రాక్టరు దొరికితే బూడిదకే చెడ్డపేరు వస్తుంది.

ఇంకో అడుగు ముందుకేసిన చోటు ఉంది. ఆస్ట్రేలియాలో టూవూంబా దగ్గర వెల్‌క్యాంప్ ఎయిర్‌పోర్టు, 2014లో తెరిచారు. అక్కడ ఏప్రన్‌కీ, ట్యాక్సీవేకీ (రన్‌వేకీ ఏప్రన్‌కీ మధ్య విమానం నడిచే దారి), విమానం వెనక్కి తిరిగే చోటికీ మామూలు సిమెంటు లేకుండా, బూడిదా స్లాగూ రసాయనాలతో గట్టిపరిచిన జియోపాలిమర్ కాంక్రీటు పోశారు. మందం 435 మిల్లీమీటర్లు. బోయింగ్ 747 సరుకు విమానాలు దాని మీద తిరుగుతాయి. మన దగ్గర ఆ పనితనం ఇంకా పెరగాలి, అందులో వాడే క్షార రసాయనాలు చేతి మీద పడితే కాలుతుంది. కానీ పని అయ్యేదే అని వాళ్లు చూపించారు.

స్టీల్ ప్లాంటు స్లాగ్ రెండు రకాలు. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్‌ని నీళ్లతో చటుక్కున చల్లార్చి పొడిచేస్తే అది సిమెంటులో సగానికి పైగా పడుతుంది, అది బంగారం. స్టీలు చేసే దగ్గర వచ్చేది వేరు, గట్టి రాయిలా ఉంటుంది, కానీ దాని పొట్టలో కలవని సున్నం ఉంటుంది. తడి తగిలితే ఉబ్బుతుంది. నెలల తరబడి బయట వానకీ ఎండకీ ఉంచి, ఉబ్బడం అయిపోయాక వాడాలి. సూరత్ దగ్గర హజీరాలో 2022లో కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ (సీఆర్‌ఆర్‌ఐ) సలహాతో దాదాపు లక్ష టన్నుల స్టీల్ స్లాగ్‌తో ఆరు లేన్ల రోడ్డు వేశారు, కిలోమీటరు పొడవు. ఫెర్రోక్రోమ్ స్లాగ్ కూడా మంచి గట్టి రాయే గానీ అందులో క్రోమియం ఉంటుంది. నీళ్లలో నానబెట్టి ఎంత క్రోమియం దిగుతోందో ల్యాబ్‌లో చూడకుండా లోడు దించనివ్వకండి. మీ ఊరి బావికి వచ్చేది ఆ నీళ్లే.

ఎర్ర బురద దగ్గర నేను గట్టిగా ఆగుతాను. టన్ను అల్యూమినా తీస్తే టన్ను నుంచి టన్నున్నర బురద వస్తుంది, మీకు నేను చెప్పాలా. అందులో మిగిలిన కాస్టిక్ చర్మాన్ని కాలుస్తుంది. 2010 అక్టోబరు 4న హంగరీలో అజ్కా దగ్గర బురద చెరువు గట్టు తెగి పది మంది చనిపోయారు. ఎండితే దుమ్ములా లేస్తుంది. క్షారం అల్యూమినియాన్ని తింటుంది, ఆ అల్యూమినియంతోనే కదా విమానం చేసేది! తల్లి బిడ్డని తినడం లాంటిది. కడిగి, క్షారం తగ్గించి, సిమెంటు ఫ్యాక్టరీలో ముడిసరుకుగా వాడటం ఒక దారి. లేదా రోడ్డు గట్టు కట్టేటప్పుడు లోపల పెట్టి, చుట్టూ మంచి మట్టి కప్పి, కింద నీళ్లు పరీక్షిస్తూ ఉండటం. రన్‌వే దగ్గరికి మాత్రం నేను రానివ్వను.

ఇప్పుడు అసలు లెక్క, ఎవరూ వేయనిది, రవాణా. పాతిక టన్నుల టిప్పరు వైజాగ్ నుంచి సాలూరు, సుంకి ఘాట్ మీదుగా ఇక్కడికి రావాలంటే 200 కిలోమీటర్ల పైనే. లోడుతో లీటరుకి మూడు కిలోమీటర్లు వస్తే ఎక్కువ, ఖాళీగా తిరిగి వెళ్లడం కూడా కలపండి. లీటరు డీజిల్ కాలితే 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. అన్నీ కలిపి టన్ను సరుకుకి పన్నెండు, ఘాట్ కాబట్టి పదిహేను కిలోలు అనుకోండి. ఇక్కడే క్వారీలో టన్ను కంకర కొట్టడానికి అయ్యేది పది కిలోల లోపే. అంటే కంకర బదులు వాడటానికి వైజాగ్ నుంచి స్లాగ్ తెస్తే, గాలికి లాభం లేదు సరికదా ఎదురు నష్టం. అదే బూడిదని గానీ స్లాగ్ పొడిని గానీ సిమెంటు బదులు తెస్తే టన్నుకి 800 కిలోలు మిగులుతుంది, పదిహేను కిలోల డీజిల్ లెక్కలోకే రాదు. కాబట్టి సిమెంటు స్థానంలో వచ్చేదాన్ని ఎంత దూరం నుంచైనా తెచ్చుకోండి, కంకర స్థానంలో వచ్చేదాన్ని పక్క ఊళ్లో ఉంటేనే తెచ్చుకోండి. ఇంతకుముందు స్లాగ్ మీద మహా ఆవేశంగా మాట్లాడిన ఒక పెద్దాయనకి ఈ లెక్క సిగరెట్ పెట్టె వెనక వేసి చూపిస్తే, ఆయన సిగరెట్ వెలిగించి మాట మార్చేశారు.

ప్రశ్న: నాకు రెండు టిప్పర్లు ఉన్నాయి, తమ్ముడికి క్రషర్‌లో వాటా ఉంది. మా కొండ రాయి రన్‌వేకి పనికొస్తుందా? ఎలా తెలుసుకోవాలి?
– సెమిలిగుడ

మీ కొండ ఏ రాయి అన్నది ముందు చూసుకోండి. మన తూర్పు కనుమల్లో రెండు రాళ్లు ఎక్కువ. ఒకటి చార్నకైట్, ముదురు రంగు, సుత్తి దెబ్బకి ఠంగుమంటుంది, రన్‌వేకి రాజు లాంటిది. రెండోది ఖొండలైట్, మన కోందుల పేరే పెట్టారు దానికి. ఎర్రటి గార్నెట్ చుక్కలతో అందంగా ఉంటుంది. కోణార్క, పూరీ గుళ్లు కట్టింది దాంతోనే. శిల్పికి మెత్తగా వంగే రాయి రోలరు కింద కూడా వంగుతుంది. అందులో కొంత భాగం కాలక్రమంలో తెల్లటి సుద్ద మట్టిలా మారిపోయి ఉంటుంది. ఆ సుద్ద ఉన్న రాయికి తారు అంటుకోదు.

ఈ పాఠం నాకు ఉచితంగా రాలేదు. ముప్పై ఏళ్ల వయసులో ఒక చిన్న ఎయిర్‌పోర్టు పని మీద ఉన్నాను, ఊరి పేరు వద్దు. క్రషర్ పద్దెనిమిది కిలోమీటర్లు, రవాణా తక్కువ, చాలా సంతోషం. శాంపిల్ రాయిని క్వారీ అడుగు నుంచి తీసి ల్యాబ్‌కి పంపాను, అరుగుదల పరీక్షలో ముప్పై శాతం లోపే వచ్చి పాసైపోయింది. తీరా పని మొదలయ్యాక టిప్పర్లు తెచ్చింది పై మెట్టు నుంచి, సగం సుద్దయిన రాయి. చూడటానికి తేడా లేదు, క్రషర్ దుమ్ము కప్పేసింది. నేను రోజూ చూడాల్సింది, చూడలేదు. జూన్‌లో మొదటి రెండు వానలకి నల్లటి రన్‌వే మీద తెల్ల మచ్చలు లేచాయి, అన్నంలో సున్నపు బెడ్డల్లా. చేత్తో గీకితే రాయి ఊడి వచ్చేసింది. మూడు వందల మీటర్లు గీకించి మళ్లీ వేయించాం. ఆ గీకిన కుప్ప పక్కన కూర్చుని నేను భోజనం చేసిన మధ్యాహ్నం ఇప్పటికీ గుర్తే, క్యారేజీలో ముద్దపప్పు, గొంతు దిగలేదు.

కాబట్టి మీరు చేయాల్సిన పరీక్ష చెబుతాను, ఖర్చు లేనిది. మీ క్రషర్‌లో 20 మిల్లీమీటర్ల చిప్స్ కడిగి ఆరబెట్టి, వేడి చేసి, నూటికి ఐదు వంతుల వేడి తారు కలపండి. చల్లారాక గాజు గ్లాసులో వేసి నీళ్లు పోసి, 40 డిగ్రీల గోరువెచ్చటి వేడిలో ఒక రోజంతా ఉంచండి. మర్నాడు పైనుంచి చూడండి. రాళ్ల మీద నలుపు నూటికి 95 వంతులు నిలిచి ఉండాలి. అక్కడక్కడ బట్టతల కనిపిస్తే ఆ రాయి అలాగే వాడకూడదు. మిక్స్‌లో ఒకటి రెండు శాతం నీళ్లతో చల్లార్చిన సున్నపు పొడి కలిపితే పట్టు పెరుగుతుంది, మన తాతలు మేడ మీద సున్నం కొట్టిన తెలివే ఇది. ఒక్కసారి చేసి వదిలేయకండి, క్వారీ మెట్టు మారిన ప్రతిసారీ చేయండి.

ప్రశ్న: నేను సివిల్ డిప్లొమా రెండో సంవత్సరం. రన్‌వేని గీకినప్పుడు వచ్చే పాత తారు ముక్కలు ఏం చేస్తారు సార్? మళ్లీ రన్‌వేకే వాడొచ్చా?
– విద్యార్థి, గుణుపురం

వాడొచ్చు, కానీ కింది పొరల్లో. అమెరికా విమానయాన శాఖ నిబంధనలు కూడా రన్‌వే పై పొరలో పాత ముక్కల్ని కలపనివ్వవు, పక్క షోల్డర్లకీ కింది తారు పొరలకీ ఒప్పుకుంటాయి. పదేళ్లు ఎండకి ఎండిన తారు పెళుసుగా మారుతుంది, కొత్త మెత్తటి తారు కలిపి దాన్ని సరిచేయాలి. అయితే ఒకటి గమనించు నాయనా, రన్‌వే నుంచి గీకిన ముక్క అంటే మామూలు చెత్త కాదు, అందులో ఉన్న రాయి ఏరికోరి తెచ్చిన రాయి. దాన్ని తీసుకెళ్లి పల్లపు స్థలాలు పూడ్చడానికి పోసేస్తుంటే చూసి నేను చాలాసార్లు నొచ్చుకున్నాను. వేరేగా కుప్ప పోసి, పైన టార్పాలిన్ కప్పి (తడిస్తే ప్లాంటులో ఆరబెట్టడానికే ఆయిలంతా పోతుంది), జల్లెడ పట్టి దాచుకోవాలి.

సిమెంటు రన్‌వే అయితే ముక్కలు కొట్టి కంకరే చేసుకోవచ్చు. అమెరికాలో డెన్వర్ నగరపు స్టేపుల్టన్ ఎయిర్‌పోర్టు 1995లో మూతపడ్డాక, దాని రన్‌వేలు పగలగొట్టి దాదాపు 65 లక్షల టన్నుల కాంక్రీటుని మళ్లీ రోడ్లకీ నిర్మాణాలకీ వాడుకున్నారు. ప్రాజెక్టు రిపోర్టుకి పనికొస్తుంది, రాసుకో.

ప్రశ్న: చెట్ల నుంచి తీసిన తారుతో రోడ్డు వేశారని విన్నాం, నిజమేనా?
– బరంపురం

నిజమే. చెట్టుకీ గడ్డికీ గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని మామూలు తారులో కొంత కలిపి, నాగపూర్–మన్సర్ బైపాస్ మీద 2024 డిసెంబరులో ఒక కిలోమీటరు వేశారు. అది ఎన్‌హెచ్-44, మన ఆదిలాబాద్ మీదుగా వెళ్లే రోడ్డే. రన్‌వేకి తొందర లేదు, ముందు ఆ రోడ్డు నాలుగు ఎండాకాలాలు చూడనివ్వండి.

ప్రశ్న: రన్‌వే మీద అడ్డంగా సన్నని గీతలు ఎందుకుంటాయి? పిల్లాడు యూట్యూబ్‌లో చూసి అడుగుతున్నాడు.
– గృహిణి, రాయగడ

నీళ్లు జారిపోవడానికి, అమ్మా. ఆరు మిల్లీమీటర్ల లోతు, ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, ఒక గీత మధ్య నుంచి ఇంకో గీత మధ్యకి 38 మిల్లీమీటర్ల ఎడం, వజ్రపు రంపంతో కోస్తారు. జోరు వానలో వేగంగా దిగే టైరు కింద నీటి పొర ఏర్పడితే విమానం పడవలా తేలిపోతుంది, బ్రేకు పట్టదు. ఈ గాళ్లలోంచి నీళ్లు పక్కకి పారిపోతాయి. దిగిన ప్రతిసారీ టైరు రబ్బరు కొంచెం కరిగి గాళ్లలో అంటుకుంటుంది. దాన్ని జోరుగా నీళ్లు కొట్టి తీస్తారు, రసాయనాలు అక్కర్లేదు. పైన చెప్పిన మెత్తటి రాయి వాడితే ఈ గాళ్ల అంచులే ముందు విరుగుతాయి.

విరిగిన అంచులు ఏరడానికి తెల్లవారుజామున నాలుగింటికి టార్చిలైటు పట్టుకుని రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరకి మేం నడిచేవాళ్లం. చింతగింజంత రాయి దొరికినా జేబులో వేసుకునేవాళ్లం. డ్యూటీ దిగేటప్పుడు జేబులు దులిపి బల్ల మీద పోస్తే, సూపర్‌వైజరు లెక్కపెట్టి రిజిస్టరులో రాసుకునేవాడు. ఒక రోజు నా లాగు జేబులోంచి రెండు రాళ్లు, ఒక బోల్టు, మా అబ్బాయి గోళీ ఒకటి వచ్చాయి. గోళీ కూడా రాసేశాడు.